సామాన్ల గదిలో ఎండ

అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాక ఇక మోకాళ్ళు కదపడానికి లేదు, కదిపితే లోపలి ఇల్లు కదులుతుంది, ఇల్లు కదిలితే పొద్దున్నే పైకప్పు మీద అంటించిన నీళ్ళ ట్యాంకు ఊడినా ఊడుతుంది, అందుకని లైబ్రరీ పై హాల్లో గోడవారన వేసిన కుర్చీల్లో చిట్టచివరి దాంట్లో అతను ఫొటోకు కూర్చున్నవాడిలా బిర్రబిగుసుకుని కూర్చుని తలుపు వైపు చూస్తున్నాడు. ఆమె ఇంకా రాలేదు. మిగతా అందరూ వచ్చేశారు, తెచ్చిన అట్ట ఇళ్ళు బల్లల మీద పెట్టేశారు, ఒకరు కట్టింది ఒకరు చూసి మురిసిపోవడం కూడా అయిపోయింది, ఇప్పుడు టీలు తాగుతున్నారు. అతని ఒళ్ళో ఉన్నది ఆమె ఇల్లు. అతని ఇల్లు ఆమె దగ్గరుంది. ఆమె రాకపోతే ఈ అట్టల ఊళ్ళో అతనికి ఇల్లు లేనట్టే, ఆ మాటకొస్తే బయటి ఊళ్ళో మాత్రం ఏముంది గనక, అనుకోబోయి ఆ ఆలోచనను అక్కడికక్కడే ఆపేశాడు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. రెండోది అతని వంతుకు రాలేదు, మొదటిది యాభై దాటాక ఇదిగో ఇలా, పాత పెట్టెల అట్టలతో, జిగురుతో, అదీ పరాయి మనిషి ఇల్లు. ఇదంతా బొమ్మల టీచరు ఆలోచన. ఎప్పుడు చూసినా వేళ్ళకు ఎండిపోయిన జిగురు పొరలు గిల్లుకుంటూ ఉండే ఆ అమ్మాయి పెట్టిన నియమం ఒక్కటే, ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోకూడదు. చీటీలు తీసి ఇద్దరిద్దరిని జత చేసింది. జతలో ఒకరు తమ ఇంటి గురించి చెప్పాలి, రెండోవాళ్ళు వినాలి, తర్వాత వాళ్ళు చెప్పాలి, వీళ్ళు వినాలి. ఫొటో చూపించకూడదు, కాగితం మీద గీసివ్వకూడదు, వెళ్ళి చూసి రాకూడదు. నోటితో చెప్పింది చెవితో విని చేత్తో కట్టాలి, అంతస్తుకు జానెడు ఎత్తు. ఆ రోజు అతను లైబ్రరీ కరెంటు మీటరు రీడింగు తీయడానికి వచ్చి మెట్ల కింద నిలబడి ఉంటే, ఊళ్ళో ప్రతి ఇల్లూ చూసిన మనిషి మీరే కదండీ, మీరు లేకుండా ఊరేమిటి, అందా అమ్మాయి. తనను ఎవరైనా ఎందుకైనా రమ్మని ఎన్నాళ్ళయిందో గుర్తు రాక సరేనన్నాడు. నిజానికి అతను చూసింది ఇళ్ళు కాదు, గుమ్మాలు. మీటరు ఎప్పుడూ గుమ్మం పక్కనే ఉంటుంది. మీటరాయన వచ్చాడు అని లోపల ఎవరో అంటారు, ఎవరో కుక్కను పట్టుకుంటారు, అతను అంకెలు రాసుకుని పక్కింటికి వెళ్ళిపోతాడు. లోపల ఏ గది తర్వాత ఏ గదో తెలియదు గానీ, ఆ ఇల్లు ఎలా బతుకుతోందో మీటరే చెప్పేస్తుంది. కొత్తగా పిల్లలు పుట్టిన ఇంట్లో చక్రం గిరగిరా తిరుగుతుంది, జనం తగ్గిన ఇంట్లో బద్ధకిస్తుంది. తన గది మీటరు తను చూసుకునేటప్పుడు మాత్రం, ఇది తిరుగుతోందా ఆగిందా అని ఒకసారి వేలితో తట్టి చూసేవాడు.

హాలు మధ్యలో పొడుగు బల్లలన్నీ కలిపి, నేల దాకా దిగే గుడ్డ కప్పి, దాని మీద ఊరు పేర్చారు. కింద, గుడ్డ వెనక, తీగలున్నాయి, ఒక్కో ఇంటికి ఒక్కో చిన్న బల్బు. బల్లకు చేసిన చిల్లులోంచి, ఇంటి నేలకు చేసిన చిల్లులోంచి, ఆ బల్బు లోపలికి తల పెడుతుంది. వెలుతురు తగ్గాక అన్నీ ఒక్కసారే వేద్దాం అంది టీచరు. ఇప్పుడింకా కిటికీల్లో సాయంత్రం మిగిలే ఉంది, ఆ వెలుతుర్లో ఊరు మరీ అట్టలాగే కనిపిస్తోంది. బేకరీ ఆయన కట్టిన ఇంటికి వాళ్ళ కేకు పెట్టెల గులాబీ రంగు అలాగే ఉంది, ఆ ఇంటి అసలు యజమాని లెక్కల మాస్టారు, నా ఇంటికి ఎప్పుడు రంగేయించాననుకున్నారండీ అని నవ్వుతున్నాడు. నవ్వుతున్నాడు గానీ చేత్తో గోడ నిమురుతూనే ఉన్నాడు. అందరూ అంతే, తమ ఇల్లు కనబడగానే వంగి, ఒక కన్ను మూసి, కిటికీలోంచి లోపలికి చూస్తున్నారు, తమ ఇంట్లో తామే దొంగల్లాగా. రెండో వరుసలో పక్కపక్కనే రెండు ఖాళీలు, ఒకటి ఆమెది, ఒకటి అతనిది, జతలను పక్కపక్కనే పెట్టాలని టీచరు ముందే సుద్దముక్కతో గీసి ఉంచింది. ఆ వరుస రెండు పళ్ళు ఊడిన నోరులా ఉందనిపించింది అతనికి. పళ్ళ పోలిక తట్టడానికి కారణం ఆమే. ఆమె పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది.

పొట్టిగా ఉంటుంది, గొంతు పెగలనట్టు నెమ్మదిగా మాట్లాడుతుంది, ఎదుటి మనిషి మాట్లాడుతున్నంతసేపూ కళ్ళలోకి కాకుండా నోటి వైపు చూస్తుంది, అది ఉద్యోగం వల్ల వచ్చిన అలవాటు కాబోలు. చీటీల్లో జత కుదిరిన రోజు, ఏం మాట్లాడాలో తోచక, మీ దగ్గర జనం ఎక్కువైతే ఎవరిని ముందు పంపుతారండీ అని అడిగాడు. నొప్పి నొప్పి అని అరిచేవాళ్ళు కాసేపు ఆగగలరండీ, అంది ఆమె, ఏం లేదు, ఊరికే చూపించుకుందామని వచ్చాను అంటారు చూడండి, వాళ్ళని ముందు పంపిస్తాను. అతను గట్టిగా నవ్వాడు. నవ్వాక, నాలుకతో తన పై పన్ను ఒకదాన్ని తడుముకున్నాడు, అది ఎప్పటినుంచో లాగుతూనే ఉంది.

ముందు అతని వంతు వచ్చింది. ఆమె కాగితం తీయలేదు, పెన్ను తీయలేదు, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంట్లో ఎంతమంది ఉంటారండీ అంది. ఒక్కణ్ణేనండీ అంటే అయిపోయేది. అట్ట ముక్కలు ఆరు చాలు, సాయంత్రానికల్లా ఇల్లు తయారు. నరం లేని నాలుక, ఐదుగురం అంది. అన్నాక ఇక ఐదుగురికీ చోటు చూపించాలి కదా. తమ్ముడు, మరదలు, వాళ్ళ ఇద్దరు పిల్లలు, నేను, అని వేళ్ళు ముడిచాడు. తమ్ముడి గురకకు కిటికీ రెక్కలు కదులుతాయన్నాడు. మరదలు ఎవరూ వినడం లేదనుకున్నప్పుడు వంటింట్లో పాడుతుందన్నాడు, ఎవరైనా గుమ్మంలోకి వస్తే ఆ పాటే దగ్గు అయిపోతుందన్నాడు. పెద్దపిల్ల మూడో మెట్టు మీద కూర్చుంటే గానీ చదవదు, దాటుకుని వెళ్ళేవాళ్ళు దాని పుస్తకం తొక్కకుండా దాటాలి. చిన్నవాడు గోడ మీద తను గీసిన లారీ బొమ్మను తుడవనివ్వడు, ఎవరు తుడవబోయినా చేతులు చాచి అడ్డం నిలబడతాడు. ఇందులో ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ జరిగినవే, అన్నిటికీ అతను సాక్షి. కాకపోతే ఉన్నారు అన్నచోట ఉండేవాళ్ళు అనాలి, ఆ ఒక్కటీ మింగేశాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు, ఆమె వింటూ ఉన్నకొద్దీ అతనికి ధైర్యం పెరిగింది, ధైర్యం పెరిగినకొద్దీ ఇల్లు పెరిగింది, చిన్నప్పటి వంటిల్లు తెచ్చి అందరూ కలిసున్న అద్దె ఇంటి హాలుకు అతికించాడు, రోజూ రీడింగు తీసే ఓ ఇంటి వరండా నచ్చి దాన్నీ లాక్కొచ్చి ముందు పెట్టాడు. మెట్లు ఎటు నుంచి వెళ్తాయండీ, వరండాలోంచి అయితే వంటింటి కిటికీకి అడ్డం రావూ, అని ఆమె ఒక్కసారి ఆగింది. అతను తేలు కుట్టిన దొంగలా నీళ్ళు నమిలి, ఎలాగో వెళ్తాయి లెండి అన్నాడు. మెట్లెక్కితే ఏముంటుందండీ అంది. ఏముంటుంది, డాబా. ఒక గది. సామాన్ల గది.

తమ్ముడికి బదిలీ అయిన రోజు లారీలో సామాను ఎక్కించడం అయిపోయాక, పిల్లలు ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాక, మరదలు వెనక్కి తిరిగి, బావగారూ, మీరూ వచ్చెయ్యండి, అంది. ఉద్యోగం ఉందిగా అన్నాడు. మర్యాదకు అనే మాట అది, ఒకసారి వద్దనాలి, రెండోసారి పిలిస్తే సరే అనాలి, లోకం నడిచే తీరు అంతే అనుకున్నాడు అతను. రెండోసారి అంటుందని లారీ వెనకతలుపు గొళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. అని ఉంటే అప్పటికప్పుడు ఆ సామాన్ల మధ్యే ఎక్కి కూర్చునేవాడు, చెప్పులు కూడా వేసుకునే ఉన్నాడు. ఆమె అనబోయిందో లేదో, డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. తప్పు ఆమెది కాదు, డ్రైవరుది అసలే కాదు. తర్వాత కొన్నాళ్ళకు, అంత పెద్ద ఇల్లు ఒక్కడికెందుకని ఖాళీ చేసి, ఎవరి డాబా మీదో ఒక్క గదిలోకి మారాడు, తాత్కాలికంగా. ఆదివారాలు ఫోను వచ్చేది, పెద్దపిల్ల ఫోను లాక్కుని, చెప్పు పెదనాన్నా, ఇంకేంటి, అనేది. ఎప్పుడు మారిందో గమనించలేదు గానీ ఈమధ్య అది, చెప్పండి పెదనాన్నా, అంటోంది. చదువుకుంది, పెద్దదైంది, మర్యాద నేర్చుకుంది, సంతోషించాల్సిన విషయమే. ఆ ఫోను పెట్టేశాక అతను చాలాసేపు గదిలో లైటు వెయ్యలేదు.

సామాన్ల గది ఎలా ఉంటుందండీ అని ఆమె అడిగినప్పుడు మాత్రం ప్రాణం తెరిపిన పడింది. దాని గురించి ఏదీ కల్పించనక్కర్లేదు, వెతుక్కోకుండా మాట్లాడొచ్చు. తలుపు నేలకు రాసుకుంటుంది, కాస్త ఎత్తి తొయ్యాలి. కిటికీ గొళ్ళెం ఊడిపోతే ఇనపతీగతో కట్టారు. పొద్దున్న ఎండ ముందు తువ్వాలు తగిలించే మేకు మీద పడుతుంది, అక్కణ్ణుంచి గోడ మీదుగా జారి, ఇనపపెట్టె తాళం మీదికి దిగి, ఆ తాళం కాసేపు మెరిశాక వెళ్ళిపోతుంది. వానాకాలం పైన రేకు చప్పుడుకు రేడియో వినపడదు. ఇంత చెప్పాక, సామాన్ల గది గురించి ఎక్కువ చెప్పానేమోనని నాలుక్కరుచుకుని, అందులో పనికిరాని సామానే ఉంటుంది లెండి, అన్నాడు. అందులో ఉండే పనికిరాని సామాను తనే అని ఆమెకెలా తెలుస్తుంది. ఆమె అతని నోటి వైపు చూసి, ఊఁ అంది, అంతే.

తర్వాత ఆమె వంతు. నాలుగు మాటల్లో ముగించింది. ఒక అంతస్తే, మూడు గదులు వరసగా, ముందు గదికి రెండు కిటికీలు, వెనక బట్టలు ఆరేసుకునే జాగా, ఒక్కతినే ఉంటాను. అతను కొలతలు అడిగాడు, తలుపు ఎన్ని రెక్కలు, గడప ఎంత ఎత్తు, కిటికీ ఊచలు నిలువా అడ్డమా. ఆమె చెప్పింది. చివర్లో, అడక్కుండానే, ఇంకోటి చెప్పింది, పనికి వెళ్ళేటప్పుడు ముందు గదిలో లైటు ఆర్పకుండా వెళ్తానండీ, తిరిగొచ్చేటప్పుడు సందు మలుపు తిరగ్గానే కిటికీలో వెలుతురు కనపడుతుంది, ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుంది. అయ్యో, అన్నాడు అతను, పగలంతా అలా వదిలేస్తే యూనిట్లు ఊరికే కాలిపోవూ. అవుననుకోండి, అని ఆమె నవ్వింది. మరి మీటరు గుమ్మానికి కుడివైపా ఎడమవైపా, అని అడిగాడు, ఆ సందు రీడింగు తీసేది అతను కాదు. ఎడమవైపు అంది. ఆ మీటరు మీద అతను పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. గోరంత అట్టముక్క మీద సూదిమొనతో అంకెలు రాశాడు, బయటి స్తంభం నుంచి గుమ్మం దాకా నల్లదారం తీగ లాగాడు, ఇంకే ఇంటికీ లేదు అలాంటిది. నేల వంగిపోకూడదని రెండు పొరల అట్ట ఒకదాని మీద ఒకటి జిగురు పూసి అంటించి, పైన పలకల గళ్ళు గీసి, ఒక రాత్రంతా బరువు పెట్టి ఉంచాడు. గుద్దినా చెక్కుచెదరదు. ఇప్పుడు పెట్టె మూత కాస్త ఎత్తి చూశాడు, మీటరు ఉంది, తీగ ఉంది, ట్యాంకు ఊడలేదు.

టీచరు టీ తెచ్చి చేతికిచ్చి, క్లినిక్‌లో ఆలస్యమై ఉంటుందండీ, వస్తారు, అంది. ఆగి, ఒకవేళ రాకపోయినా పర్లేదు, ఆ ఖాళీలో పచ్చకాగితం వేసి పార్కు చేసేద్దాం, అంది, అతన్ని సముదాయించడానికే. అతను టీ పక్క కుర్చీ మీద పెట్టేశాడు. తమ్ముడు గురకపెట్టే చోట, మూడో మెట్టు ఉండాల్సిన చోట, పచ్చకాగితం. ఆమె ఎందుకు రాలేదు అని తనలో తాను వాదించుకున్నాడు, కట్టలేక మానేసిందా, మెట్లు ఎక్కడా ఇమడక విసుగెత్తిందా, లేక ఎవరో చెప్పేశారా, ఊరు ఎంతనీ, ఆ మీటరాయనా, ఆయన ఒంటికాయ సొంఠికొమ్ము కదమ్మా, డాబా మీద గదిలో ఉంటాడు, అని పళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళెవరో అనేసి ఉండరూ. అబద్ధం బయటపడుతుందని భయమే, ఈ వయసులో నవ్వులపాలు కావడం ఎవరికిష్టం. కానీ ఆ భయాన్ని పక్కకు నెడితే దాని వెనక ఇంకోటి ఉంది, దాన్ని ఒప్పుకోక తప్పదు. ఆ ఇల్లు చూడాలి. అన్ని గదులూ ఒకేచోట, అన్ని కిటికీల్లోనూ ఒకేసారి దీపాలు, హాల్లో, వంటింట్లో, పిల్లల గదిలో, అంతటా. ఒక్కసారి కళ్ళతో చూస్తే చాలు, తర్వాత పార్కు చేసుకోండి, ఏమన్నా చేసుకోండి. ఊళ్ళో జనమంతా అలాంటి కిటికీల ముందు నుంచి రోజూ నడిచి వెళ్తారు, ఎవరూ తల ఎత్తి చూడరు. అతను చూస్తాడు. సాయంత్రం రీడింగు ఆలస్యమైన రోజు, పని అయిపోయినా, ఏదో ఒక గుమ్మం ముందు అంకెలు రెండోసారి సరిచూసుకుంటున్నట్టు నిలబడి, లోపల గిన్నెల చప్పుడు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం, తలుపు వేసుకున్న చప్పుడు వింటాడు. ఒకసారి ఆ ఇంటావిడ బయటికొచ్చి, ఇంకా ఏమన్నా ఉందా అండీ, అంది. ఏం లేదండీ, అన్నాడు.

కిటికీల్లో వెలుతురు మసకబారుతుండగా మెట్ల మీద గబగబా అడుగులు వినిపించాయి. ఆమె. రొప్పుతూ, రెండు చేతులా సంచి పొదివి పట్టుకుని వచ్చింది. ఆఖరి పేషంటు కుర్చీ దిగనంది అని టీచరుకు చెబుతూనే సంచి విప్పి, సుద్దగీతల మీద అతని ఇల్లు దించింది. అతను ఒళ్ళోని పెట్టె జాగ్రత్తగా తెచ్చి, ఆమె ఇంటిని దాని పక్కన దించి, ఇక ఆగలేక వంగి, ఒక కన్ను మూసి, తన ఇంట్లోకి చూశాడు. అన్నీ ఉన్నాయి. తెచ్చి అతికించిన వరండా ఉంది, వంటిల్లు ఉంది, హాలు గోడ మీద పెన్సిలుతో గీసిన లారీ ఉంది. అతను చెప్పినట్టు ఎక్కడా ఇమడని మెట్లను ఆమె ఇంటి బయటికి తీసి, గోడ వెంబడి తిప్పి, డాబా మీదికి చేర్చింది, మూడో మెట్టు మీద గోరులో సగమంత పుస్తకం. పైన గది. అతను ఆ పుస్తకం ముట్టుకోబోయి, వేలు లావుగా ఉందనిపించి వెనక్కి తీసుకున్నాడు. బాగా కట్టారండీ, అన్నాడు. ఆమె అతని నోటి వైపు చూసి, చూపు తిప్పుకుంది. టీచరు బల్ల కిందికి దూరి ఆ రెండు ఇళ్ళ కింద బల్ల చిల్లుల్లోకి కూడా బల్బులు అమర్చి, గుడ్డ దించి, హాలు లైట్లు ఆర్పేసింది.

మీట నొక్కగానే అట్టలు మాయమైపోయి ఊరు మిగిలింది. అందరూ ఒక్కసారి ఆహా అన్నారు, లెక్కల మాస్టారి గులాబీరంగు ఇల్లు కూడా నిజంగా ఎవరో ఉంటున్న ఇల్లులా ఉంది. అతను తన ఇంటి వైపు చూశాడు. వరండా చీకటి. హాలు చీకటి. వంటిల్లు, పిల్లల గది, అన్నీ చీకటి. డాబా మీద సామాన్ల గది కిటికీ ఒక్కటే వెలుగుతోంది. బల్బు కింద ఎక్కడో పోయిందేమోనని అతను ఇంకా ఆశగా వంగాడు. పోలేదు. కింది కిటికీలకు లోపలి నుంచి నల్లకాగితం, మధ్యలో అట్ట గొట్టం, ఆ గొట్టంలోంచి వెలుతురంతా పైగదికి. ఆమె పక్కనే నిలబడి, ఇంకెవరికీ వినపడకుండా అంది.

"మీరు చెప్పినవన్నీ కట్టానండీ, ఒక్కటీ వదల్లేదు. కానీ సామాన్ల గదిలో పొద్దున్న ఎండ ముందు ఏ మేకు మీద పడుతుందో, అందులో పడుకుని లేచేవాళ్ళకి తప్ప ఎవరికి తెలుస్తుంది? దీపం మాత్రం మీరున్నచోట పెట్టాను."

సిగ్గు వేసింది, పారిపోదామనిపించింది, అదే సమయంలో, ఇన్నాళ్ళూ ఆ గది కిటికీని వీధిలోంచి తల ఎత్తి ఎవరూ చూడలేదని, ఈమె ఒక్కతే చూసిందని, అదీ చెవులతో, అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు దాచుకోవడానికి తల పక్కకు తిప్పితే ఆమె ఇల్లు కనిపించింది. కనిపించలేదు అనాలి. ఊరంతటికీ అదొక్కటే చీకటి. గుమ్మం పక్కన మీటరు, స్తంభం నుంచి తీగ, అన్నీ అమరి, లోపల ఒక్క వెలుతురు చుక్క లేదు. అతను నేలకు చిల్లు పెట్టలేదు. కరెంటు మనిషి, బతుకంతా కరెంటు అంకెలు చూసిన మనిషి, మీటరు పెట్టి దీపం మరిచిపోయాడు. బేకరీ ఆయన ఎవరితోనో, మీటరుగారు ఫ్యూజు పీకేశారు కాబోలు, అని నవ్వాడు. ఆమె తన ఇంటి వైపే చూస్తోంది. సందు మలుపు తిరగ్గానే కిటికీలో వెలుతురు కనపడుతుంది, ఇంట్లో ఎవరో ఉన్నట్టు ఉంటుంది, అన్న మాట, ఆ రోజు చెవిలో పడి యూనిట్ల లెక్కలో కొట్టుకుపోయిన మాట, ఇప్పుడు వచ్చి గుండెలో గుచ్చుకుంది. ఆమె అతని అబద్ధంలోంచి నిజం ఏరుకుంది. అతను ఆమె నిజంలోంచి గడప ఎత్తు ఏరుకున్నాడు.

ఏం లేదు లెండి, పర్లేదు, అంది ఆమె.

అతను మోకాళ్ళ మీదికి దిగి, గుడ్డ ఎత్తి, బల్ల కింద దూరాడు. లోపల తీగలు చుట్టూ వేలాడుతున్నాయి, పైన చిల్లుల్లోంచి అక్కడక్కడ వెలుతురు కారుతోంది, అవతల జనం కాళ్ళు. రెండో వరుస తడుముకుంటూ పోయి ఆమె ఇంటి చిల్లు పట్టుకున్నాడు. బల్బు అక్కడే, అట్టకు తల ఆనించి, వెలుగుతూనే ఉంది, లోపలికి వెళ్ళే దారి లేక. చొక్కా జేబులోంచి టెస్టరు తీసి, దాని మొన చిల్లులోకి పెట్టి పొడిచాడు. రెండు పొరలు, మంచి జిగురు, గుద్దినా చెక్కుచెదరని నేల, తన పనితనాన్ని తనే తిట్టుకుంటూ పొడిచి, తిప్పి, చీల్చి, బల్బును పైకి నెట్టాడు. చెయ్యి వదలగానే అది కిందికి జారింది. మళ్ళీ నెట్టాడు. చిల్లు వంకరగా చిరిగింది, పట్టు లేదు, పట్టుకుంటేనే నిలుస్తుంది. సరే, పట్టుకున్నాడు. వీపు బల్ల కాలుకు ఆనించి, చెయ్యి పైకెత్తి, రెండు వేళ్ళతో దీపాన్ని ఆమె ముందు గదిలోకి ఎత్తి పట్టుకుని కూర్చున్నాడు. పైన ఎవరో, ఇదిగో ఇదీ వెలిగింది, అన్నారు. చెయ్యి వణికి దీపం కదిలినట్టుంది, ఇంకెవరో ఆడమనిషి గొంతు, అరె, ఈ ఇంట్లో చూడండి, లోపల ఎవరో తిరుగుతున్నట్టుంది, అంది. కాళ్ళన్నీ అటు చేరాయి, చూశాయి, నెమ్మదిగా ఒక్కొక్కటే ఇంకో వీధికి వెళ్ళిపోయాయి. ఒక జత చెప్పులు మాత్రం గుడ్డ అంచు దగ్గరే ఉండిపోయాయి. భుజం లాగుతోంది, వేళ్ళకు బల్బు వేడి తగులుతోంది, ఇలా ఎంతసేపు అన్నది అతను ఆలోచించలేదు, ఎవరి ఇంట్లోనో లోపల ఉండటం అతనికి చాలా ఏళ్ళకు ఇదే మొదలు.

"చెయ్యి నొప్పెడుతోందా అండీ?" అంది ఆమె, గుడ్డ అవతల నుంచి.

"లేదండీ. ఏం లేదు."

ఆమె చెప్పులు విడిచి, గుడ్డ పైకెత్తి, వంగి లోపలికి వచ్చింది.